రేడియో లేని ఫోను

అత్తయ్య ఇంకా నమ్మలేదు. పాత బటన్ల ఫోనులో హాయిగా వచ్చిన రేడియో, దానికి ఎన్నో రెట్లు ఖరీదు పెట్టి ఈయన కొనిచ్చిన కొత్త ఫోనులో ఎందుకు రాదని పడుకోబోయే ముందు కూడా అడిగారు. "ఎక్కడో ఉండే ఉంటుంది, సరిగ్గా వెతుకమ్మా" అన్నారు. ఉంటే కదా దొరకడానికి! ఇంట్లో అందరూ నిద్రపోయారు, నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

అసలు ఈ రోజు చెవులకు బాగాలేదు. సాయంత్రం అమీర్‌పేటలో రైలు మారి మియాపూర్ వైపు మెట్రో ఎక్కాను. మూడు పెట్టెల రైలు, ఆ వేళకు ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. తలుపు పక్కన ఒకాయన ఫోనులో పూర్తి శబ్దం పెట్టి రీల్స్ చూస్తున్నాడు. ఏదో పాట పల్లవి సగంలో ఉండగానే బొటనవేలు పైకి జరిగింది. ఎవరో ఆవిడ కూర వండుతూ "ఇప్పుడు ఇందులో" అంది. ఇందులో ఏమి వేసిందో చెప్పేలోగా వేలు మళ్లీ జరిగింది. తర్వాత ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన నవ్వులు. ఇంకో వీడియోలోనూ అవే నవ్వులు. ఒక నాయకుడి ప్రసంగమైతే క్రియాపదం దాకా కూడా రాలేదు. నేనేమీ కోరి వినడం లేదు. కానీ చెవికి రెప్పలు లేవు కదా. మొదలైన ప్రతి వాక్యం ఎలా ముగుస్తుందా అని మనసు కాచుకుంటుంది, ఆ ముగింపు రాదు. మూసాపేట వచ్చేసరికి తల దిమ్మెక్కింది. "కాస్త తగ్గించండి" అన్నాను. తగ్గించాడు. కూకట్‌పల్లి దాటగానే మళ్లీ పెంచాడు. ఈ మనుషులకు పక్కవాళ్లు ఉన్నారన్న స్పృహే లేదని, ఇంటికి వెళ్లగానే అదే రాయాలని అనుకుంటూ దిగాను.

దిగాక అత్తయ్యకు ఇయర్‌ఫోన్లు కొనడానికి ఆగాను. తీగ లేనివి ఆవిడ చెవిలో నిలవవు. ఒకటి బియ్యం డబ్బా వెనక పడి, ఇల్లు దులిపినప్పుడు గానీ దొరకలేదు. "తాడుతో ఉన్నదే తీసుకురా, జారినా మెడలోనే ఉంటుంది" అన్నారు. కొట్టు అబ్బాయి "గుండ్రటి పిన్నుదా మేడమ్, సీ టైపుదా?" అని అడిగాడు. ఆవిడ ఫోను నా దగ్గరే ఉంది, తిప్పి చూశాం. గుండ్రటి రంధ్రం లేదు. "చాలామందికి ఇక్కడికి వచ్చాకే తెలుస్తుంది" అన్నాడు.

అప్పుడు నా కోపం దారి మళ్లింది. ఒకప్పుడు ఫోను పెట్టె తెరిస్తే చుట్ట చుట్టిన ఇయర్‌ఫోన్లు ఉండేవి. 2016లో ఐఫోన్ 7తో ఆ రంధ్రం పోయింది. 2020లో ఐఫోన్ 12 పెట్టెలోంచి ఇయర్‌ఫోన్లూ పోయాయి. తక్కిన కంపెనీలు చాలావరకు అదే బాట పట్టాయి. ఆ తీగతోపాటు రేడియో కూడా పోయింది, ఎందుకంటే రేడియో తరంగాలను పట్టడానికి ఫోనుకు ఏరియల్ అదే. హైదరాబాద్ వివిధభారతి 102.8 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది. ఆ తరంగం పొడవు దాదాపు 3 మీటర్లు, అందులో పావు వంతు తీగ ఉంటే చాలు. ఇయర్‌ఫోను తీగ అంతకంటే పొడవే. పైసా డేటా ఖర్చు లేకుండా, నెట్ లేకపోయినా వినిపించే వస్తువును తీసేశారు. విపత్తుల వేళ పనికొస్తుంది, ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంచండని 2023లో కేంద్ర ఐటీ శాఖ కంపెనీలకు సలహా ఇచ్చింది. సలహాతో ఏమవుతుంది? ఆకాశవాణి యాప్ వేసి ఇచ్చాను గానీ, అది నెట్ మీద నడిచేదేనని అత్తయ్య ఇట్టే కనిపెట్టారు.

విజయవాడలో మా నాన్న రేడియోకు ఒకసారి లోపలి డయల్ తాడు తెగింది. బిళ్ల తిప్పితే స్టేషను మారుతుంది, సూది మాత్రం కదలదు. నాన్న కళ్లు మూసుకుని చెవితోనే వెతికేవారు. ముందు ఒక ఈల, తర్వాత ఏదో తమిళ స్టేషను, ఆ తర్వాత గరగర, దానిలోంచి మెల్లగా మన తెలుగు. ఉదయం 6.45కి ప్రాంతీయ వార్తలు మొదలయ్యేలోగా పట్టుకోవాలి, పట్టుకునేవారు. చివరికి రిపేరు చేసినతను కొత్త తాడు ఎదురు చుట్టు చుట్టాడు. కుడికి తిప్పితే సూది ఎడమకు పోయేది. నాన్న దాన్ని అలాగే ఉంచేశారు, మాకూ అలవాటైపోయింది. ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్దచిత్రం, అంటే సినిమాను మాటలూ పాటలతో కుదించి వినిపించే కార్యక్రమం, వచ్చే వేళకు పక్క వాటా పిన్నిగారు గోడ అవతలి నుంచే "అన్నయ్యగారూ, కొంచెం పెంచండి" అని కేకవేసేవారు.

అంటే మా రేడియో కూడా నలుగురి చెవిన పడిందే. మరి ఆ మెట్రో ఆయన్ను అనే హక్కు నాకుందా? పెట్టెలో ఇయర్‌ఫోన్లు ఇవ్వకపోతే అతను మాత్రం ఏం చేస్తాడని ఇందాకటి దాకా సర్దిచెప్పుకున్నాను కూడా.

లేదు, ఒప్పుకోను. మేడ మీద గదిలో పరీక్షలకు చదువుకునే అబ్బాయి ఒకడుండేవాడు. వాడు మెట్ల మీద నుంచి "మాస్టారూ" అంటే చాలు, నాన్న బిళ్ల తిప్పేసి, స్టూలు దగ్గరకు జరుపుకుని రేడియోకు చెవి ఆనించి వినేవారు. ఆ పూటకు మళ్లీ పెంచేవారు కాదు. ఫోనుకు రంధ్రం లేకపోవడం కంపెనీ తప్పు. కూకట్‌పల్లి దాటాక మళ్లీ పెంచడం మాత్రం ఆయన తప్పే.

శనివారం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి అత్తయ్యకు సెల్లులతో నడిచే చిన్న రేడియో కొంటాను. ఎఫ్‌ఎం ఒక్కటే ఉంటే లాభం లేదు, మీడియం వేవ్ కూడా కావాలి. ఆవిడది గుడివాడ, విజయవాడ కేంద్రం కావాలట. పగలు ఇక్కడ అందుతుందన్న ఆశ నాకు లేదు గానీ, రాత్రిపూట మీడియం వేవ్ చాలా దూరం పోతుంది కాబట్టి 837 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రయత్నిస్తాం.