కార్లైల్ దాకా వెళ్లని మా టీము

మన బడి పదో తరగతి గ్రూప్ ఫోటోలో నేను లేను. ఎనిమిది పూర్తవగానే నాన్న ఉద్యోగం వల్ల అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రానికి వెళ్లిపోయాం. మన బడి రోజుల గురించి పాత క్లాస్‌మేట్లు మీరంతా ఎటూ రాస్తారు. మిమ్మల్ని వదిలి వెళ్లాక నాకు మళ్లీ స్నేహితులు ఎలా దొరికారో నేను రాస్తాను. చేపలు పడుతుంటే దొరికారు.

మన దగ్గర సెక్షనంతా రోజంతా ఒకే గదిలో ఉంటుంది, టీచర్లు మారతారు. అక్కడ గంట కొట్టినప్పుడల్లా పిల్లలే గది మారాలి. ఒక్కో పీరియడ్‌లో పక్కన ఒక్కో మనిషి. అందుకే అక్కడి పిల్లలకి సొంత గుంపు క్లాసులో కన్నా టీముల్లోనే ఏర్పడుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఒళ్లుండాలి. బేస్‌బాల్ టీములో ఉన్నవాళ్లు చిన్నప్పటి నుంచే ఆడుతున్నవాళ్లు. భోజనాల హాల్లో ఎవరి బల్ల వాళ్లకుంది. ట్రే పట్టుకుని ఎటు వెళ్లాలో తెలియక నిలబడాల్సి వస్తుందన్న టెన్షన్ నాకు మొదటి పీరియడ్ నుంచే మొదలయ్యేది.

ఇల్లినాయిస్‌లో 2009 నుంచి బాస్ చేపలు పట్టడం హైస్కూల్ క్రీడ. రాష్ట్ర హైస్కూళ్ల క్రీడా సంఘమే పోటీలు జరుపుతుంది. అలా మొదట చేసిన రాష్ట్రం అదే. ముందు సెక్షనల్స్ అనే ప్రాంతాల వారీ పోటీలు, అందులో నెగ్గితే మే నెలలో కార్లైల్ సరస్సు మీద స్టేట్ ఫైనల్స్. ఈ బాస్ చేప వేటాడి తినే రకం, మన కొర్రమీను లాంటిదే. ఆకుపచ్చ ఒళ్లు, పక్కన నల్లటి చార, ఇంత పెద్ద నోరు.

బయాలజీ సారే కోచ్. మీ ఊళ్లో ఎప్పుడైనా చేపలు పట్టావా అని ఒకరోజు అడిగారు. కాలువ గట్టు, వెదురు కర్ర, బెండు, వానపాములు... అన్నీ చెప్పాను. "సోమవారం నుంచి రా" అన్నారు. అదే సెలక్షన్.

చలికాలంలో సరస్సులు గడ్డకడతాయి కాబట్టి ప్రాక్టీసు జిమ్‌లో. నేల మీద ప్లాస్టిక్ రింగులు పరిచి, కొక్కెం లేని బరువుని వాటిలో పడేలా విసరాలి. తర్వాత ముడులు. పాలోమార్ ముడి అని ఒకటుంది. దారాన్ని రెండు పేటలు చేసి కొక్కెం కన్నంలో దూర్చి, వదులుగా ముడేసి, ఆ ఉచ్చులోంచి కొక్కేన్ని దాటించి, ఉమ్ముతో తడిపి అప్పుడు బిగించాలి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి దారం బలం తగ్గిపోతుంది. అది నాకు తొందరగా పట్టుబడింది. కొన్నాళ్లకి సీనియర్లు కూడా వచ్చి నా చేత కట్టించుకునేవాళ్లు. ఆ దేశంలో నాతో పనుండి ఒకరు నన్ను వెతుక్కుంటూ రావడం అదే మొదటిసారి.

పోటీలో ఒక్కో పడవకి ఇద్దరు పిల్లలు, నడపడానికి ఒక పెద్ద మనిషి. బతికున్న ఎర వాడకూడదు, అన్నీ ప్లాస్టిక్‌వి, లోహానివి. పడవ మొత్తానికి ఐదు చేపలే లెక్క. ఆరోది పెద్దది పడితే చిన్నదాన్ని నీళ్లలో వదిలేయాలి. ఎవరి గాలానికి పడినా బరువు పడవకే రాస్తారు. అన్నిటికన్నా నాకు నచ్చిన రూలు ఇదే. పక్కవాడికి చేప తగిలిందంటే మన గాలం పడేసి వల అందుకోవాలి. వల ముందే నీళ్లలో ముంచి ఉంచి, చేప తలవైపు నుంచి వచ్చేదాకా ఆగాలి. తోకవైపు నుంచి తోశామా, ఒక్క దూకుతో పోతుంది.

మిగతా సమయమంతా ఇద్దరూ నీళ్లకేసే చూస్తూ ఉంటారు. మొహాలు చూసుకునే పని లేదు కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది. నా ఇంగ్లీషు తడబడినా నా జోడీ పట్టించుకోలేదు. వాళ్ల అమ్మానాన్నా విడిపోతున్న సంగతి వాడు నాకు పడవలోనే చెప్పాడు. మా నానమ్మకి ఒంట్లో బాగాలేదని నేను మొదట చెప్పుకున్నదీ వాడికే.

ఇంకొక మంచి సంగతి, వారం వారం మార్కులు చూస్తారు. సబ్జెక్టులు తప్పితే ఆ వారం పోటీకి పంపరు. లెక్కల్లో వెనకబడ్డ ఒక అమ్మాయికి మేమంతా వంతులేసుకుని చెప్పాం. అలా చేయమని మాకెవరూ చెప్పలేదు. ఆమె లేకపోతే పడవలో ఒక చోటు ఖాళీ, అంతే.

"పట్టిన చేపని మళ్లీ వదిలేయడమేంట్రా?" అని అమ్మకి ఒకటే ఆశ్చర్యం. తూకం దాకా పడవలోని నీళ్ల తొట్టిలో బతికించే ఉంచాలి, చచ్చిన చేపకి బరువులో కోత పడుతుంది, తూకం అయ్యాక సరస్సులోకే వదిలేస్తాం అని చెప్పాను. ఒకసారి తూకానికి తనే వచ్చింది. మా పడవకి ఆ రోజు దొరికినవి రెండే. ఒక్క చేపా లేకుండా వచ్చిన పడవలు చాలా ఉన్నాయి. నేనున్నంత కాలం మా టీము కార్లైల్ దాకా వెళ్లనేలేదు. అయినా భోజనాల హాల్లో మా బల్ల మాకుండేది. కొత్తగా చేరిన పిల్లల్ని పిలిచి మరీ కూర్చోబెట్టుకునేవాళ్లం.

మన బడి వెనక చెరువుంది కదా, అక్కడ మన బడి పిల్లలకీ ఇలాంటి టీము ఒకటి మొదలుపెడదాం. అందులో చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది, కాబట్టి ముందు వాళ్లని అడగాలి. ఆదివారం పొద్దున ఒక రెండు గంటలు చాలు. గట్టు మీద ఈత వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు ఉండాలి. రాడ్లు, లైఫ్ జాకెట్ల ఖర్చు నాది. హెడ్‌మాస్టారితో ఎవరు మాట్లాడతారో సంక్రాంతికి కలిసినప్పుడు తేల్చుకుందాం. పేర్లు రాసుకునేటప్పుడు మాత్రం వేరే ఊళ్ల నుంచి వచ్చి ఈ ఏడాదే చేరిన పిల్లల్ని ముందు అడగండి.