సెల్ఫ్ తిరగకపోతే ముందు ఎర్త్ చూడండి

పాత కారు సెల్ఫ్ కొట్టడం లేదంటే మా బరంపురంలో మొదట వినిపించే మాట "బ్యాటరీ మార్చేయండి". మార్చాక కూడా అదే వరస అయితే "సెల్ఫ్ మోటార్ విప్పించండి". ఈ రెండిటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి కలిసే దారి) చూడటం, మల్టీమీటర్ చేతిలో ఉంటే ఎక్కువసేపు కూడా పట్టదు. అది చేయకుండా బాగున్న మోటారు విప్పేసి, ఇక్కడ దొరకని బుష్‌లూ బ్రష్‌లూ పాడుచేసుకున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మా మావయ్యగారిది 1965 ఎమ్‌జీబీ. ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, 1798 సీసీ ఇంజన్. ఈసారి వానలు తగ్గాక షెడ్డులోంచి తీద్దామని తాళం తిప్పితే టక్ మని ఒక్క చప్పుడు, అంతే. ఇగ్నిషన్ ఆన్ చేయగానే వెనకాల ఎస్‌యూ పెట్రోల్ పంపు టిక్ టిక్ మని కొట్టుకుంది కాబట్టి తాళం దాకా కరెంటు వస్తోంది. హెడ్‌లైట్లు వేసి మళ్లీ సెల్ఫ్ కొట్టి చూశాం. లైట్లు బాగా పడిపోతే బ్యాటరీ దిగిపోయిందనో, దాని టెర్మినళ్లు పాడయ్యాయనో, మోటారు బిగుసుకుందనో అనుకోవాలి. ఇక్కడ లైట్లు కాస్త తగ్గాయి తప్ప పడిపోలేదు. అంటే మోటారు తీసుకోవాల్సినంత కరెంటు తీసుకోలేకపోతోంది, దారిలో ఎక్కడో అడ్డు ఉంది.

ఆ అడ్డు ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే దొరకదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 200 ఆంపియర్లు పోతాయనుకుందాం, జాయింటులో 0.01 ఓమ్ అడ్డున్నా 2 వోల్టులు అక్కడే పోతాయి, అంత చిన్న ఓమ్ మన మామూలు మీటరులో కనిపించదు. అందుకే సెల్ఫ్ కొడుతుండగానే వోల్టులు కొలవాలి. ఇగ్నిషన్ కాయిల్‌కి (స్పార్క్ ఇచ్చేది) వెళ్లే తెల్ల వైరు పీకేసి (ఇంజన్ అందుకోకుండా), గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. ముందు బ్యాటరీ మీద చూడండి. నిండుగా ఉన్నది ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపిస్తుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పోతే బ్యాటరీనే అనుమానించాలి. తర్వాత బ్యాటరీ నుంచి మోటారు టెర్మినల్ దాకా, ఆ తర్వాత ఎర్త్ పోస్టు (బాడీకి కలిపిన బ్యాటరీ టెర్మినల్) నుంచి ఇంజన్ బ్లాక్ దాకా. ఎర్త్ వైపు అర వోల్టు కూడా పోకూడదు. మా కారులో ఏడు వోల్టులు!

బ్యాటరీ పోస్టు నుంచి బాడీ దాకా దాదాపు సున్నా, బాడీ నుంచి ఇంజన్‌కి మొత్తం నష్టం. ఈలోగా నేను చోక్ కేబుల్ మీద చెయ్యేసి, "మావయ్యా, ఒకసారి ఇది ముట్టుకు చూడండి" అన్నాను. "ఇదేటిరా ఇలా కాలిపోతోంది!" అన్నారు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, బాడీకీ దానికీ కరెంటు దారి అల్లిక రాగి పట్టీ ఒక్కటే. అది పనిచేయకపోతే కరెంటు చోక్ కేబుల్ గుండానో యాక్సిలరేటర్ కేబుల్ గుండానో పోతుంది, ఎక్కువసేపు కొడితే పొగలు కూడా వస్తాయి. పట్టీ విప్పి చూస్తే పైకి బాగానే ఉంది, లగ్గు (పట్టీ చివర బోల్టు బిగించే ముక్క) లోపల మాత్రం పచ్చటి చిలుము, బోల్టు కింద ఎప్పుడో వేసిన పెయింటు పొర. గోపాలపురం సముద్రం పక్కనే కదా, ఈ ఉప్పు గాలికి రాగి నిలవదు. కొత్త పట్టీ వేసి, బోల్టు కింద ఇనుము మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, బిగించాక పైన గ్రీజు పూశాం. సగం తిప్పేసరికే ఇంజన్ అందుకుంది.

టక్ శబ్దం కూడా రాకపోతే కథ వేరు. బానెట్ కింద సోలెనాయిడ్‌కి (మోటారుకి కరెంటు కలిపే స్విచ్చి) రబ్బరు టోపీ కింద బటన్ ఉంటుంది. న్యూట్రల్‌లోనే ఉందని చూసుకుని దాన్ని వేలితో నొక్కండి, మోటారు తిరిగితే తప్పు తాళంలోనో తెలుపు-ఎరుపు వైరులోనో ఉన్నట్టు. మోటారు గిర్రున తిరుగుతూ ఇంజన్ తిరగకపోతే బెండిక్స్ (మోటారుని ఇంజన్‌కి కలిపే చిన్న పళ్ల చక్రం) పట్టేసింది, కిరోసిన్‌తో కడగండి, ఆయిల్ మాత్రం పెట్టొద్దు, క్లచ్ దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

బ్యాటరీ షాపువాళ్లతో ఒక జాగ్రత్త. 1967 చివరిదాకా వచ్చిన ఎమ్‌జీబీలన్నీ ప్లస్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపినవి), సీట్ల వెనక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. షాపు కుర్రాడు అలవాటు కొద్దీ మైనస్‌ని బాడీకి బిగించబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. తిరగేసి బిగిస్తే ఎలక్ట్రానిక్ ఆర్‌పీఎం మీటరు పోతుంది. ఇప్పుడు బ్యాటరీ మూత లోపల తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాలతో "ప్లస్ ఎర్త్" అని పెయింటు వేయించాం.