వల కట్టించాల్సిన రోజే గూడు కనిపించింది

బెంగళూరు మారతహళ్ళిలో మేముండేది నాలుగో అంతస్తు. పావురాల బాధ పడలేక యుటిలిటీ బాల్కనీకి వల కట్టించాలని అడ్వాన్సు 1,500 ఇచ్చాం. మార్చి 2న వల కట్టే అబ్బాయి నిచ్చెన, డ్రిల్లింగ్ మెషీన్‌తో వచ్చాడు. ఆదోని వైపు అబ్బాయి. బట్టల తాడు విప్పబోయి ఆగిపోయాడు.

“అక్కా, దీన్ని చూసినారా?”

తాడు చివర చెత్త చిక్కుకుందనే నేను అన్నాళ్ళూ అనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే పీచు, బెరడు ముక్కలు, సాలెగూడు కలిపి అల్లిన చిన్న సంచి. పక్కన ఓ రంధ్రం, దాని మీద చూరులా వంగిన అంచు. మేం వంటగదిలోకి రాగానే పసుపు పొట్ట ఉన్న బుల్లి పిట్ట నోట్లో ఏదో కరుచుకొచ్చి అందులో దూరింది. తేనెపిట్ట. కుండీలో మందారాల కోసం రోజూ వచ్చే జతే.

వల కడితే వాటికి దారి మూసుకుపోతుంది. తాడు కదిపితే గూడు ఊడుతుంది. అడవి పక్షుల గూళ్ళనీ గుడ్లనీ పాడుచేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట కిందకే వస్తుంది. ఆ చట్టం లేకపోయినా నాకు ఆ తాడు విప్పడానికి చేతులు వచ్చేవి కావు. ఆ అబ్బాయిని తర్వాత రమ్మన్నాను. విసుక్కోకుండా మెషీన్ సర్దుకున్నాడు.

అత్తమ్మ మాత్రం ఊరుకోలేదు. “అన్నాళ్ళూ పావురాల పెంట ఎవరు కడగాల?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పొద్దున్నే నేనే కడుగుతానని ఒప్పుకున్నాను. పొదగడానికి 14 నుంచి 16 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో 17 రోజులు అని లెక్కేసి క్యాలెండర్‌లో గీత పెట్టాను. ఎప్పటికి తెములుతుందో కళ్ళెదుట కనబడేసరికి ఆవిడ కూడా మెత్తబడ్డారు.

బట్టలకి పడకగది బాల్కనీలో ఇంకో తాడు కట్టాం. రాత్రిపూట యుటిలిటీ లైటు వేయడం మానేశాం. వాషింగ్ మెషీన్ చప్పుడుకి పిట్ట బెదురుతుందేమోనని భయపడ్డాను గానీ, రంధ్రంలోంచి ముక్కు బయటపెట్టి అలాగే కూర్చుంది. గుడ్లెన్నో చూడాలని ఎంత అనిపించినా గూటి మీద చెయ్యి వేయలేదు.

మార్చి 21న సన్నగా కిచకిచలు వినిపించాయి. ఇక మగదీ ఆడదీ వంతులేసుకుని పురుగులు, చిన్న సాలీళ్ళు మోసుకొచ్చేవి. ఆ నెలాఖరులో ఓ సాయంత్రం ఒక్కసారిగా గాలీవానా వచ్చి గూడు గిరగిరా ఊగిపోయింది. నాకు చచ్చే టెన్షన్. గాలి వచ్చే వైపు గ్రిల్‌కి పెద్ద గొడుగు కట్టి, రాకపోకలకి అడ్డం లేకుండా చూసి లోపలికొచ్చేశాను. తల్లి వచ్చేదాకా, ఓ పావుగంట, అత్తమ్మా నేనూ కిటికీ దగ్గరే నిలబడ్డాం.

ఏప్రిల్ 7 పొద్దున ఒక పిల్ల ఎగిరి ఎదుటి చెట్టు మీద వాలింది. రెండోది వాషింగ్ మెషీన్ వెనక పడింది. “ముట్టుకోవద్దు, మనిషి వాసన తగిలితే తల్లి దగ్గరికి రానీదు” అన్నారు అత్తమ్మ. చిన్నప్పటి నుంచీ అందరం వినే మాటే, కానీ నిజం కాదు. మనం ముట్టుకున్నంత మాత్రాన తల్లి పిల్లను వదిలేయదు. దానికి ఈకలన్నీ వచ్చాయి, కాళ్ళతో గట్టిగా పట్టుకుంటోంది, దెబ్బేమీ లేదు. నీళ్ళూ తిండీ ఏమీ పెట్టకుండా మల్లె కుండీ కొమ్మ మీద కూర్చోబెట్టి తలుపేశాను. పది నిమిషాల్లో మగపిట్ట వచ్చి నోటికందించింది. గాయం ఉంటే కెంగేరిలోని పీపుల్ ఫర్ యానిమల్స్ వన్యప్రాణుల ఆసుపత్రికి తీసుకెళ్దామని అట్టపెట్టె కూడా సిద్ధం చేసుకున్నాను. ఆ అవసరం పడలేదు.

వారం చూసినా గూటికి ఏదీ రాలేదు. ఏప్రిల్ 15న వల అబ్బాయిని పిలిచాం. అతనే గూటిని తాడు నుంచి నెమ్మదిగా విడదీసి అత్తమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ రంధ్రంలోంచి వేలితో కొంచెం దూది బయటికి లాగి, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు.

“జిల్లేడు దూది! నేను వత్తులకి ఎక్కడ వెతికినా దొరకలేదు. దీనికెక్కడ దొరికిందో ఈ ఊళ్ళో!”