సున్నా కేజీల టిక్కీ

గుంటూరులో మిర్చి యార్డ్ దగ్గర తెలిసినవాళ్ళ కమిషన్ కొట్టుకి చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చా. ఎలక్ట్రానిక్ కాటా నెట్‌వర్క్ మీద లైన్‌కో టిక్కీ (మిర్చి గోతం) బరువు పంపుద్ది, మనం చదివి రాసుకోవడమే, గంట పని అనుకున్నా. మొదటిరోజే స్క్రీన్ మీద వింత, 42.5 కేజీలు అని రావాల్సిన చోట "కేజీలు" అన్నది వెళ్ళి అంకె నెత్తినే కూర్చుంది.

సంగతేంటంటే ఆ కాటా లైన్ చివర రెండు బైట్లు పంపుతోంది, ముందు సీఆర్ అంటే క్యారేజ్ రిటర్న్, నంబర్ 13, తర్వాత ఎల్‌ఎఫ్ అంటే లైన్ ఫీడ్, నంబర్ 10. లైనక్స్‌లో లైన్ చివర రెండోది ఒక్కటే ఉంటది, నేనేమో ఆ అలవాటు కొద్దీ ఎల్‌ఎఫ్ దగ్గరే కోశా, సీఆర్ అంకెకి అంటుకుని మిగిలింది, ప్రింట్ చేస్తే కర్సర్‌ని మళ్ళీ లైన్ మొదటికి లాక్కెళ్ళింది. తీగ మీదొచ్చిన అక్షరాల్ని కాగితం మీద కొట్టే టెలిటైప్ మిషన్ల నాటి వ్యవహారం ఇది, ఒకటి ఎడమ అంచుకి పోవడానికి, ఇంకోటి కాగితం జరగడానికి. బ్రాడీపేటలో టైపు లోయర్ కట్టిన మా బ్యాచ్‌కి చెప్పక్కర్లా, మిషన్‌కి పక్కనుండే పుల్ల లాగితే రెండూ ఒకేసారి అయ్యేవి.

సరే అని తెలివి చూపించా. రెండిట్లో ఏదొచ్చినా లైన్ అయిపోయినట్టే, సీఆర్ వెనకాలే ఎల్‌ఎఫ్ ఉంటే దాన్ని దాటెయ్ అని రాశా. కానీ నెట్‌వర్క్ మీద బైట్లు మోసే టీసీపీకి మన లైన్లతో పనేముంది, బైట్లు ఎక్కడ పడితే అక్కడ తెగొస్తాయి, ఒక్కోసారి సీఆర్ ముందొచ్చి ఎల్‌ఎఫ్ తర్వాతి రీడ్‌లో వచ్చుద్ది, అది నాకు ఖాళీ లైన్, ఖాళీ అంటే సున్నా. గుమస్తా గారు ఫోన్ చేసి "బాబూ, మీ ప్రోగ్రామ్ ఖాళీ గోతాలు కూడా తూస్తా ఉందా ఏంటి" అన్నారు.

చివరికి పెట్టింది ఇదే, ఎల్‌ఎఫ్ వచ్చేదాకా బఫర్‌లో దాచడం, దాని ముందు సీఆర్ ఉంటే పీకెయ్యడం, మనం పంపేటప్పుడు మాత్రం రెండూ పంపడం. హెచ్‌టీటీపీ 1.1 (వెబ్ పేజీలు తెచ్చే పద్ధతి) కూడా చదివేవాడికి ఈ వెసులుబాటు ఇస్తది.

అట్లాగని మెయిల్ సర్వర్‌లో ఇంత వదులుగా ఉంటే కొంప మునుగుద్ది. మెయిల్ పంపే పద్ధతి ఎస్ఎంటీపీలో మెయిల్ అయిపోయిందనడానికి ఒక్క చుక్కే ఉన్న లైన్ గుర్తు, దానికి అటూ ఇటూ సీఆర్ ఎల్‌ఎఫ్ జంటగా ఉండాలి. ఒక సర్వర్ ఒట్టి ఎల్‌ఎఫ్‌తో ఉన్న చుక్కని మామూలు మేటర్ అనుకుని పంపేసి, అవతలి సర్వర్ దాన్నే ముగింపు అనుకుందనుకో, ఒక మెయిల్ కాస్తా రెండవుద్ది, రెండోది ఎవరి పేరుతోనైనా దొంగ మెయిల్ కావచ్చు. 2023 డిసెంబర్‌లో ఎస్ఎంటీపీ స్మగ్లింగ్ అని బయటపడింది ఇదే, పోస్ట్‌ఫిక్స్, సెండ్‌మెయిల్, ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాములన్నీ సర్దుకోవాల్సొచ్చింది. నా కాటాకీ ప్రోగ్రామ్‌కీ మధ్యలో ఇంకో సర్వర్ లేదు కాబట్టి బతికిపోయా.

బతికిపోయా అన్నానే గానీ ఆ సున్నా టిక్కీలు ఒక్కోటీ ఒక్కో సీరియల్ నంబర్ తినేసి వెనకున్నవన్నీ జరిపేశాయి, చిట్టాతో సరిచూసి దిద్దేసరికి ఆదివారం కాస్తా పోయింది.