పీఆర్ రాకముందే జర్మనీలో ఇల్లు కొన్నాం

జర్మనీలో ఫ్లాట్ కొన్నామని చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చేసిందా?" అని. రాలేదు, ఇంకా బ్లూ కార్డు, అంటే ఉద్యోగం మీద ఇచ్చే వీసా మీదే ఉన్నాం. ఇక్కడ ఇల్లు కొనడానికి పౌరసత్వం గానీ పీఆర్ గానీ అక్కర్లేదు.

అన్ని దేశాల్లో ఇంత సులువు కాదు. సింగపూర్‌లో విదేశీయులు ఇల్లు కొంటే 2023 ఏప్రిల్ నుంచి మామూలుగా 60 శాతం అదనపు స్టాంప్ డ్యూటీ కట్టాలి. థాయ్‌లాండ్‌లో భూమి మన పేరున పెట్టుకోలేం. కాండో, అంటే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొనచ్చు, అదీ బిల్డింగ్‌లో విదేశీయుల వాటా 49 శాతం దాటనంతవరకే.

అయితే ఇక్కడ కూడా ఇల్లు వేరు, వీసా వేరు. ఇల్లుందని ఎవరూ వీసా పొడిగించరు. ఉద్యోగం పోయి, దాంతో వీసా కూడా పోతే ఇల్లు మన పేరునే ఉంటుంది, అందులో ఉండే హక్కు మాత్రం ఉండదు. మా ఇద్దరికీ అసలు టెన్షన్ అదే. లోన్ ఇచ్చే బ్యాంకు కూడా ముందు చూసేది వీసా గడువు, ప్రొబేషన్ అయిందా లేదా అన్నదే.

ఇక డబ్బు. మేముండే డార్ట్‌మండ్‌లో కొనుగోలు పన్ను 6.5 శాతం. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, అదే బవేరియా రాష్ట్రంలో అయితే 3.5. అంటే 3 లక్షల యూరోల ఫ్లాట్‌కి మేం 19,500 కడితే, అక్కడివాళ్లు కట్టేది 10,500. నోటరీకీ, రిజిస్ట్రీకీ కలిపి మరో రెండు శాతం దాకా అవుతుంది, బ్రోకర్ ఉంటే ఆ కమిషన్ వేరే. ఈ ఖర్చులకు బ్యాంకులు సాధారణంగా లోన్ ఇవ్వవు, చేతిలో డబ్బు ఉండాల్సిందే.

ఫొటోల కన్నా ముందు గ్రుండ్‌బుఖ్ చూడమని నేను అందరికీ చెప్తున్నాను. అది ప్రభుత్వ భూమి రిజిస్టరు. మొదటి భాగంలో యజమాని పేరు, రెండో భాగంలో ఆ ఇంటి మీద ఇతరులకున్న హక్కులు, మూడో భాగంలో తనఖాలు ఉంటాయి. మేం చూసిన ఒక ఫ్లాట్ ధర ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా తక్కువ. రెండో భాగం తిరగేస్తే, ఒక పెద్దావిడకి బతికున్నంతకాలం అందులో నివసించే హక్కు రాసి ఉంది. యజమాని మారినా ఆమె హక్కు పోదు. ఆమెకి అది న్యాయమే, కానీ మాకు ఉండటానికి ఇల్లు కావాలి కదా.

ఆ తర్వాత చదవాల్సింది ఓనర్ల మీటింగ్ మినిట్స్. పైకప్పు కారుతోందా, లిఫ్ట్ మార్చాలా, రిపేర్ల నిధిలో ఎంతుంది, అన్నీ అందులోనే తెలుస్తాయి. బాల్కనీ ఎంత బాగున్నా సరే, ఆ నిధి ఖాళీగా ఉన్న బిల్డింగ్‌లో నేనైతే కొనను.

నోటరీ దగ్గర కాంట్రాక్టు మొత్తం పైకి చదివి వినిపించాలని చట్టం. మా జర్మన్ అంతంతమాత్రం కాబట్టి పక్కన దుబాసీని కూర్చోబెట్టుకున్నాం. పేజీ తర్వాత పేజీ, నోటరీ ఆపకుండా చదువుతుంటే దుబాసీ పేరా పేరాకీ ఇంగ్లీషులో చెప్పింది. బేస్‌మెంట్‌లోని స్టోర్ రూమ్ నంబరు ఎక్కడా రాలేదని మా ఆయన గమనించి అడిగారు. నోటరీ అక్కడే ఆగి, అమ్మే ఆయన్ని కనుక్కుని, నంబరు చేర్పించి, ఆ వాక్యం మళ్లీ చదివాడు. అప్పుడు సంతకాలు పెట్టాం.

సంతకంతో ఇల్లు మనదైపోదు. ముందు రిజిస్టరులో మన తరఫున ఒక ముందస్తు నమోదు వేస్తారు, ఆ తర్వాత అమ్మినవాళ్లు ఇంకొకరికి అమ్మినా చెల్లదు. అది పడ్డాకే డబ్బు కట్టమని నోటరీ నుంచి ఉత్తరం వస్తుంది. పన్ను కట్టినట్టు ట్యాక్స్ ఆఫీసు పత్రం ఇచ్చాక గానీ యజమాని పేరు మారదు.

ఇక్కడ ఎన్నేళ్లుంటామో తెలియనివాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కొన్న పదేళ్లలోపు లాభానికి అమ్మితే ఆ లాభం మీద పన్ను పడుతుంది. అమ్మే ఏడాదీ, దానికి ముందు రెండేళ్లూ మనమే అందులో ఉంటే పడదు. అద్దెకిచ్చి వెళ్లిపోదాం అనుకునేవాళ్లు ఈ లెక్క కొనేముందే వేసుకోండి.