నూట పదహార్ల చెల్లు

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసేవాడికి ఐర్లండ్ అప్పుతో పనేంటని మీరు అడగొచ్చు. 2012లో మా చిన్నాన్న కొడుకు డబ్లిన్‌లో ఉండేవాడు. మే 31న అక్కడ యూరప్ ఆర్థిక ఒప్పందం మీద రెఫరెండం, అంటే ఒప్పుకోవాలా వద్దా అని జనం ఓటు. వాడికి ఓటు లేదు, అక్కడి పౌరులకే ఉంటుంది. అయినా టెన్షనంతా వాడిదే. రోజూ రాత్రి ఫోన్లో నాతో వాదన.

2008 సెప్టెంబరులో ఒక్క రాత్రిలో అక్కడి ప్రభుత్వం బ్యాంకులకు పూచీ పడింది. బ్యాంకులు మునిగాయి, వాటితోపాటు పూచీదారూ మునిగాడు. 2010లో ఆదుకోవడానికి 8,500 కోట్ల యూరోల అప్పు ప్యాకేజీ వచ్చింది, అందులో 1,750 కోట్లు వాళ్ల సొంత డబ్బే! ఆ పైన ఈ ఒప్పందం. అప్పు జీడీపీలో 60 శాతం దాటితే, దాటినదాంట్లో ఏటా ఇరవయ్యో వంతు చొప్పున తగ్గించుకుంటూ రావాలన్నది అందులో షరతు. ఒప్పుకోని దేశానికి యూరప్ అప్పుడు కొత్తగా పెడుతున్న సహాయ నిధిలోంచి అప్పు పుట్టదన్నారు.

"వద్దని ఓటెయ్యమను. సంతకం చేతిలో పడ్డాక మాఫీ అడిగితే ఎవడు వింటాడ్రా?" అన్నాను. ఆ మాట నాకు మా ఇంట్లోంచే వచ్చింది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో నాన్నకి నలభై వేల ప్రోనోటు ఉండేది, రెండు రూపాయల వడ్డీ. ప్రోనోటుకి ఆయుష్షు మూడేళ్లే. ఆ లోపు ఎంతో కొంత జమచేసి, వెనక చెల్లు రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు. గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఎప్పుడూ మా గడప తొక్కని అప్పిచ్చినాయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మజ్జిగ అడిగి తాగాడు. నాలుగు మడతల నోటు తీసి, "నూట పదహార్లు చెల్లు వెయ్యవయ్యా, వడ్డీ సంగతి తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. నాన్న దగ్గర అదీ లేదంటే తన జేబులోంచే తీసి నాన్న చేతిలో పెట్టి, సంతకం అయ్యాక వెనక్కి పుచ్చుకున్నాడు. ఆ తర్వాత కూర్చున్నదీ లేదు, మాట్లాడిందీ లేదు. ఆ పూట అవసరం ఆయనది. అర్ధరూపాయి తగ్గించమన్నా తగ్గేవాడు.

ఇదంతా చెబితే మా వాడు ఒకటే మాట అన్నాడు. "అన్నయ్యా, పదిహేడు యూరో దేశాల్లో పన్నెండు ఒప్పుకుంటే చాలు, ఒప్పందం అమల్లోకొస్తుంది."

నా దగ్గర జవాబు లేదు. నాన్న సంతకం పెట్టకపోతే ఆ నోటుకి కాలదోషం పట్టేది. ఐర్లండ్ పెట్టకపోయినా అవతలివాళ్ల బండి ఆగేది కాదు. రెఫరెండంలో ఓటేసినవాళ్లలో అరవై శాతం మంది సరేనన్నారు.

వాళ్ల మెడకి చుట్టుకున్న కాగితం వేరే ఉండేది. దాని పేరూ ప్రామిసరీ నోటే! మునిగిన బ్యాంకు కోసం ప్రభుత్వం ఏటా మార్చి 31న 310 కోట్ల యూరోలు కట్టాల్సి ఉండేది. 2012 మార్చి వాయిదాకి నగదు ఇవ్వకుండా బాండుతో సర్దారు, అదీ రెఫరెండానికి రెండు నెలల ముందే. 2013 ఫిబ్రవరిలో మిగిలిన నోట్లన్నీ తీసేసి, నలభై ఏళ్ల దాకా గడువుండే బాండ్లు ఇచ్చారు. గడువు దొరికింది గానీ అసలు సొమ్ము తగ్గలేదు. ఓటేసి బేరం పోగొట్టుకున్నారని ఇప్పుడు నేననను. పోయింది పూచీ పడ్డ రాత్రే.

నాన్న పోయాక ట్రంకుపెట్టెలో ఆ ప్రోనోటు దొరికింది. అప్పు తీరాక చింపకుండా దాచుకున్నాడు. వెనక మూడు చెల్లులున్నాయి, మూడూ నూట పదహార్లే. ముందువైపు రెండు రూపాయల వడ్డీ ఎక్కడా కొట్టివేసి లేదు.