నలభై ఫ్లాట్లు, వంద పేర్లు: నా పది వారాల లెక్క

మే నెలలో మా అమ్మాయి పెళ్ళి. శుభలేఖల కవర్ల మీద పేర్లు రాయడానికి కూర్చున్నాను. బంధువులవి గంటలో అయిపోయాయి. అపార్టుమెంటు కట్ట దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. నిజాంపేటలో ఈ ఇంటికొచ్చి ఆరేళ్ళు దాటింది. ఐదంతస్తులు, అంతస్తుకి ఎనిమిది చొప్పున నలభై ఫ్లాట్లు. మా ఇల్లూ, తాళం వేసున్న ఇంకొకటీ పోను 38 కవర్లు. అందులో పదిహేనింటి మీదే పేరు రాయగలిగాను. మిగతా వాటి మీద "ఫ్లాట్ 304 వారికి", "ఫ్లాట్ 207 వారికి" అని రాసేసి, బొట్టు పెట్టి ఇచ్చొచ్చాను.

304 ఆవిడ కవరు చూసి నవ్వింది. "నా పేరు మూడొందల నాలుగు కాదండీ" అంది.

ఆవిడ జాకెట్లు ఆరేళ్ళుగా నేనే కుడుతున్నాను. చాతీ 36, చెయ్యి పొడవు తొమ్మిదిన్నర, ఎడం భుజం కాస్త జారుడు. అన్నీ నోటికొచ్చు, పేరు మాత్రం రాదు. కొలతల పుస్తకంలో ఆవిడ పేజీ మీద "మూడో ఫ్లోర్, కళ్ళజోడు" అని ఉంటుంది.

పెళ్ళి హడావుడి తగ్గాక జూన్ మొదటి సోమవారం పుస్తకం తెరిచి, అపార్టుమెంటులో అందరి పేర్లూ నేర్చుకోవడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి రాసుకున్నదే ఇది. పేర్లూ ఫ్లాట్ నంబర్లూ మార్చాను.

మొదలు

ముందు నాకెన్ని వచ్చో చూసుకున్నాను. ఆడవాళ్ళు 36 మంది, తెలిసినవి 9. మగవాళ్ళు 38, తెలిసినవి 6. పిల్లలు 31, తెలిసినవి 22. మొత్తం 105కి 37.

పిల్లల పేర్లు అన్నెలా వచ్చాయంటే, సాయంత్రమైతే ప్రతి బాల్కనీ లోంచీ ఎవరో ఒకరు ఆ పేర్లు పెట్టి అరుస్తూనే ఉంటారు. వాళ్ళమ్మల పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. "బన్నీ వాళ్ళమ్మగారు", "అక్కా", "వదినా", "అండీ", వీటితో ఎన్నేళ్ళైనా గడిచిపోతుంది. మన వరసలు ఎంత సౌకర్యమంటే, పేరు తెలియకపోయినా పట్టుబడం. శుభలేఖ కవరు ఒక్కటే పట్టిచ్చేస్తుంది.

1వ వారం: అడగడమే పెద్ద పని

ఆరేళ్ళ తర్వాత "మీ పేరేంటండీ" అనడానికి నోరు రాదు. నా వృత్తి అక్కరకొచ్చింది. ఫాల్, పీకోకి చీర ఇచ్చినప్పుడు కవరుకి చీటీ గుచ్చుతాను కదా, "చీటీ మీద పేరు రాయాలండీ, ఇంటిపేరుతో చెప్పండి" అన్నాను. ఒక్కరూ ఏమీ అనుకోలేదు. కుట్టుపని లేనివాళ్ళకైతే "ఫోన్లో మీ నంబరు ఏ పేరుతో పెట్టుకోను" అనడం ఉత్తమం. ఇంటిపేరు అడిగితే వెనకాలే ఊరు కూడా వచ్చేస్తుంది, అది తర్వాత ఎంత పనికొచ్చిందో కింద రాశాను.

జ్ఞాపకశక్తి మీద వచ్చే ఇంగ్లీషు పుస్తకాల్లో మాటల మధ్య ఎదుటివాళ్ళ పేరు మూడు నాలుగుసార్లు వాడమంటారు. రెండు రోజులు చేసి చూశాను. "సుభద్ర గారూ, నీళ్ళొస్తున్నాయా సుభద్ర గారూ" అంటుంటే నాకే ఇన్సూరెన్స్ ఏజెంటులా అనిపించింది. పైగా అరవై దాటినావిడని పేరుతో పిలిస్తే బాగుండదు. పైకి "పిన్నిగారూ" అని, మనసులో పేరు అనుకోవడం అలవాటు చేసుకున్నాను. విన్న వెంటనే మాత్రం ఒక్కసారి పైకి తిరిగి అంటాను: "సుభద్ర గారా? మా మేనత్త పేరండీ." ఈ ఒక్కసారి అనడంతోనే, పేరు సరిగ్గా విన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. నేను "మరిచిపోయాను" అనుకున్న పేర్లలో సగం అసలు విననివేనని ఈ వారమే అర్థమైంది.

ఆదివారం పరీక్ష: సాయంత్రం మెట్లెక్కుతూ ప్రతి తలుపు దగ్గరా ఆగి ఆ ఇంట్లోవాళ్ళ పేర్లు మెల్లగా చెప్పాలి. మా ఆయన లిస్టు పట్టుకుని వెనకాల. వాచ్‌మన్ రెండుసార్లు "ఏమైనా పోయిందా అమ్మా" అని అడిగాడు. లెక్క 48.

2వ వారం: బొమ్మలు, సరోజ గారి దెబ్బ

పేరుని బొమ్మగా ఊహించుకుని మొహానికి తగిలించడం అన్నిట్లోకీ పాత పద్ధతి. ఎందుకు పనిచేస్తుందో తెలిసే ప్రయోగం ఒకటి 1987లో బ్రిటన్‌లో జరిగింది. ఒకే మాటని కొందరికి ఇంటిపేరుగా, కొందరికి వృత్తిగా చెబితే, వృత్తిగా విన్నవాళ్ళకే ఎక్కువ గుర్తుందట. మన లెక్కలో, "ఈయన ఇంటిపేరు కరణం" అంటే జారిపోతుంది. "ఈయన ఊరి కరణం" అంటే కట్టల లెక్కలూ, చెవిలో పెన్నూ కనబడి నిలబడిపోతుంది. పేరుకి బొమ్మ ఉండదు కాబట్టి మనమే ఇవ్వాలి.

తెలుగు పేర్లకి బొమ్మలు సులువే, దాదాపు అన్నిటికీ అర్థం ఉంటుంది. 204 ఆవిడ కమల. జడలో పెద్ద తామరపువ్వు ఊహించుకున్నాను. బుధవారం లిఫ్టులో కనబడగానే పువ్వు కళ్ళముందు తళుక్కుమంది. ధైర్యంగా "సరోజ గారూ, బాగున్నారా" అన్నాను.

మనకి ఒక్క తామరకే కమల, పద్మ, సరోజ, నళిని, పంకజం. దీపానికి దీప, జ్యోతి. బొమ్మ అర్థాన్ని తెచ్చిస్తుంది గానీ శబ్దాన్ని తేదు. అందుకని బొమ్మ మీద మొదటి అక్షరం రాయడం మొదలుపెట్టాను. తామర రేకు మీద పసుపు రంగు దారంతో "క" అని కుట్టినట్టు ఊహ. కుట్టుపని చేసేదాన్ని కాబట్టి దారం కుదిరింది, మీకు సుద్దముక్క కుదరొచ్చు. ఆ తర్వాత చాలా వారాలు ఇలాంటి తప్పు మళ్ళీ జరగలేదు.

ఇంకో పాఠం: కళ్ళజోడుకీ, జడకీ, గడ్డానికీ బొమ్మలు తగిలించకూడదు. 304 ఆవిడ జూన్‌లోనే కళ్ళకి ఆపరేషన్ చేయించుకుని జోడు తీసేసింది. కనుబొమలు, చుబుకం మీద నొక్కు, పన్ను మీద పన్ను, ఇవి ఎక్కడికీ పోవు. లెక్క 61.

3వ వారం

ఆషాఢం మొదలవకముందు పెళ్ళిళ్ళ జాకెట్లు మీద పడ్డాయి. సాధన రెండు రోజులే. లెక్క 54కి పడిపోయింది.

4, 5 వారాలు: హుక్కుల డబ్బా

పడిపోయిన ఏడు పేర్లూ చూసుకుంటే, అన్నీ ఒకసారి నేర్చుకుని మళ్ళీ తల్చుకోనివే. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రాతగాడు చెప్పిన చీటీల పెట్టె పద్ధతి మా అమ్మాయి చెప్పింది. దానికి నా దగ్గర హుక్కులూ బొత్తాలూ వేసుకునే ఐదు గళ్ళ డబ్బా ఉంది. చీటీకి ఒక వైపు ఫ్లాటూ మొహం గుర్తూ, రెండో వైపు పేరు. మొదటి గడి రోజూ, రెండోది రెండు రోజులకోసారి, మూడోది నాలుగు రోజులకి, నాలుగోది వారానికి, ఐదోది రెండు వారాలకి. చెప్పగలిగితే చీటీ ముందు గడిలోకి, తప్పితే మళ్ళీ మొదటి గడిలోకి. రోజుకి ఆరేడు నిమిషాలు, బాబిన్‌కి దారం చుట్టుకుంటూ చేసేస్తాను. ఒక్కటే నియమం, పేరు నోటితో అన్నాకే చీటీ తిప్పాలి. ముందే తిప్పి "ఆ, తెలుసు" అనుకుంటే దండగ.

అసలైన మలుపు పెద్దవాళ్ళ పేర్లతో వచ్చింది. సత్యవతి, కోటేశ్వరరావు, యాదగిరి లాంటి పేర్లకి బొమ్మ వెయ్యబోయి విసిగిపోయి, "ఈ పేరు ఎవరు పెట్టారండీ" అని అడగడం మొదలుపెట్టాను. ఆ ప్రశ్నకి ముభావంగా జవాబిచ్చిన మనిషి ఇంతవరకూ తగల్లేదు. ఒక్కో పేరు వెనకా ఒక మొక్కు. ఫ్లాట్ 105 పెద్దాయన పేరు సింహాచలం, అప్పన్నకి మొక్కుకుంటే పుట్టారట, వాళ్ళది విశాఖ పక్క పల్లె. కోటేశ్వరరావు గారిది నరసరావుపేట, కోటప్పకొండ ప్రభలు చూసుకుంటూ పెరిగిన మనిషి. సత్యవతి గారు అన్నవరం సత్యనారాయణస్వామి. యాదగిరి గారు గుట్ట, రాజవ్వ గారు వేములవాడ రాజన్న, కొమురమ్మ గారు కొమురవెల్లి, సమ్మయ్య గారు మేడారం. ఓబులేసు అంటే అహోబిలం, తిరుపతమ్మ అంటే పెనుగంచిప్రోలు. పేరు ముందు "నాగ" ఉంటే పుట్టలో పాలు పోసిన కథ ఒకటి వస్తుంది. పెంటమ్మ గారు తన పేరు చెప్పడానికి సిగ్గుపడ్డారు. వాళ్ళమ్మకి అంతకు ముందు ఇద్దరు పుట్టి పోయారట, ఈ బిడ్డైనా దక్కాలని పెంట మీద పడుకోబెట్టి ఎత్తుకున్నారట. ఆ మాట విన్నాక నాకు ఆ పేరుకి బొమ్మా, అక్షరం, చీటీ ఏదీ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నా బుర్రలో అపార్టుమెంటు బదులు రెండు రాష్ట్రాల పటం ఉంది. మనిషి కనబడగానే పటం మీద గుడి కనబడుతుంది, గుడి నుంచి పేరు. ఈ పటం తప్పు కూడా చెబుతుంది. ఇంకో సత్యవతి గారిని "మీది గోదావరి జిల్లా కదా" అంటే "ఖమ్మమండీ, నాయనమ్మ పేరు" అన్నారు. పొరపాటు పడిన పేర్లే ఇంకా గట్టిగా ఉండిపోయాయి, అదొక తమాషా. లెక్క 79.

6వ వారం: పిల్లలు, శ్రీనివాసులు

పిల్లల్లో మిగిలిన తొమ్మిది మందినీ పటం కాపాడలేదు. హన్విత, మన్విత, జన్విత, రిత్విక్, సాత్విక్... తల్లిదండ్రుల మీద కోపం వచ్చింది. చివర అంతా ఒకటే కాబట్టి మొదటి అక్షరం మీదే పని. హన్వితకి హారం, మన్వితకి మట్టి (ఎప్పుడూ ఇసకలోనే ఉంటుంది), జన్వితకి జడ. ఇద్దరు ఇంకా కలిసిపోతున్నారు.

మగవాళ్ళలో శ్రీనివాసులు ఐదుగురు. ఇంటిపేరూ ఊరూ కలిపి ఒకే మాటగా నేర్చుకోవాలి తప్ప వేరే దారి లేదు. నలుగురు లక్ష్ములకి మాత్రం "ఇంట్లో ఏమని పిలుస్తారు" అని అడిగితే సరిపోయింది. వరం, ధనం, విజయ, నాగు అని నలుగురూ విడిపోయారు.

7వ వారం: మీటింగు

అసోసియేషన్ మీటింగులో కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళ కోసం అందరం వరసగా పేర్లు చెప్పుకున్నాం. నా ముందున్న ఇద్దరి పేర్లూ గాలికి పోయాయి, ఎందుకంటే నేనేం చెప్పాలో లోపల కూడబలుక్కుంటున్నాను. ఇది నా ఒక్కదాని జబ్బు కాదు. వరసలో తమ వంతుకి ముందు వచ్చినవే జనానికి తక్కువ గుర్తుంటాయని 1973లోనే ప్రయోగం చేసి చూపించారు. ఈసారి నుంచి నేనే ముందు లేచి చెప్పేసి కూర్చుంటాను, తర్వాత చెవులు ఖాళీ. లెక్క 88.

10వ వారం: శ్రావణ శుక్రవారం

దీనికోసమే ఇదంతా. వరలక్ష్మీ వ్రతం పేరంటానికి 26 మందిని పిలిచాను, 23 మంది వచ్చారు.

మా నాన్నగారికి అవధానాల పిచ్చి. చిన్నప్పుడు తెనాలిలో నన్నూ కూర్చోబెట్టేవారు. పద్యం అడిగే పృచ్ఛకుడికి అవధాని పద్యమంతా ఒక్కసారే చెప్పడు. ఒక పాదం చెప్పి పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళి, చుట్టూ తిరిగొచ్చి రెండో పాదం అందుకుంటాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డం పడుతూనే ఉంటాడు. అలా నాలుగు ఆవృత్తులు, అంటే నాలుగు చుట్లు అయ్యాక చివర్న ధారణ, పద్యాలన్నీ గుర్తుంచుకుని తిరిగి చెప్పడం. వదిలి, మరిచిపోబోయే సమయానికి మళ్ళీ పట్టుకోవడం. హుక్కుల డబ్బా చేసే పని అదే.

పేరంటంలోనూ నాలుగు ఆవృత్తులు సిద్ధంగా ఉన్నాయని ముందు రోజు శనగలు నానబోస్తుంటే తట్టింది. కాళ్ళకి పసుపు రాసేటప్పుడు ఒకసారి పేరు మనసులో అనుకోవాలి, ఇక్కడ తల వంచి ఉంటాం కాబట్టి మొహం చూడకుండా పాదాలు చూసి చెప్పాలి, కష్టం. గంధం రాసేటప్పుడు రెండోసారి, ఇప్పుడు మొహం ఎదురుగా ఉంటుంది. తాంబూలం, శనగలు చేతికిచ్చేటప్పుడు మూడోసారి, ఇక్కడ పైకే అనాలి. గుమ్మం దాకా సాగనంపేటప్పుడు నాలుగోసారి. నా అప్రస్తుత ప్రసంగి మా ఆయన. వంటింట్లోంచి "పులిహోరలో ఉప్పు చూశావా" అని మూడుసార్లు అడిగారు.

23కి 21. తప్పిన రెంట్లో ఒకటి కొత్తావిడ, పసుపు రాసేటప్పుడు పేరు అడగడం మరిచిపోయి మూడో ఆవృత్తిలో చిక్కాను. "మళ్ళీ ఒక్కసారి చెప్పరూ" అనేశాను. రెండోది మాధవి గారిని మాలతి గారన్నాను, "మా" దాకా దారం బాగానే కుట్టాను మరి.

304 ఆవిడ పేరు అన్నపూర్ణ. తాంబూలం ఇస్తూ "అన్నపూర్ణ గారూ, తీసుకోండి" అంటే మళ్ళీ అదే నవ్వు. తర్వాత ఫొటోలు పంపడానికి ఫోను తీసింది. పక్కనే ఉండి చూశాను. నా నంబరు "బ్లౌజ్ ఆంటీ ఫోర్త్ ఫ్లోర్" అని ఉంది. నేను ఏమీ అనలేదు. చీటీ మీద పేరు రాయాలండీ అని ఆవిడే అడిగే రోజు కోసం చూస్తున్నాను.

ఆదివారం లెక్క: 105కి 98. ఐదో గడిలో 71 చీటీలున్నాయి. మొదటి గడిలో మిగిలినవి శ్రీనివాసుల్లో ఇద్దరు, మన్విత, జన్విత, మాధవి గారు, ఇంకో ఇద్దరు.

ఈ వారం లిస్టు పెంచాను. పొద్దున్నే మెట్లు తుడిచే అమ్మాయి, పాలు పోసే అబ్బాయి, చెత్త బండి ఇద్దరూ, పూలావిడ. పూలావిడని ఆరేళ్ళుగా "పూలూ" అనే పిలుస్తున్నాను. నిన్న రెండు మూరలు కొలిపించుకుని అడిగాను. మల్లమ్మ అట. మల్లెపూలు అమ్ముతుంది కదా అని బొమ్మ వేసేసుకుంటే, "పూల మల్లె కాదమ్మా, శ్రీశైలం మల్లన్న" అంది. చీటీ రాసి మొదటి గడిలో వేశాను.